పుట్టకముందు ఒక రక్తం, పుట్టిన తరువాత ఒక రక్తం
సికిల్ సెల్ కుటుంబాలు తెలుసుకోవలసిన ఒక ప్రోటీను సంగతి



సికిల్ సెల్ జబ్బు ఉన్న బిడ్డను మా ఆసుపత్రికి తీసుకొని వచ్చే తల్లిదండ్రులు చాలామంది ఒకే ప్రశ్న అడుగుతారు. "పుట్టినప్పుడు బాగానే ఉన్నాడు డాక్టరుగారూ. పాలు తాగాడు, బరువు పెరిగాడు. ఏడెనిమిది నెలలు వచ్చేసరికి చేతులు, పాదాలు వాచి ఒకటే ఏడుపు. మధ్యలో ఏం జరిగింది?" కొందరు దిష్టి తగిలిందంటారు. కొందరు తల్లిపాలు పడలేదంటారు. కొన్ని ఇళ్ళలో నింద కోడలి మీద పడుతుంది.

ఈ ప్రశ్నకు వైద్యశాస్త్రంలో స్పష్టమైన జవాబు ఉంది. మన శరీరంలోని ఒక ప్రోటీను బిడ్డ పుట్టిన తరువాత ఒక జన్యువును మూసివేస్తుంది. దాని పేరు బి.సి.ఎల్.11ఎ. ఈ ఒక్క సంగతి అర్థమైతే జబ్బు ఎందుకు ఆలస్యంగా బయటపడుతుందో, డాక్టరు రాసే మందు ఎలా పని చేస్తుందో, పెళ్ళికి ముందు రక్తపరీక్ష ఎందుకు చేయించుకోవాలో అన్నీ అర్థమవుతాయి. అందుకే ఈ సంచికలో కొంచెం వివరంగా వ్రాస్తున్నాము. ఓపికగా చదవండి. చదువు రాని వారికి చదివి వినిపించండి.

కొడవలి ఆకారం ఎలా వస్తుంది?

రక్తానికి ఎరుపు రంగునిచ్చేది హీమోగ్లోబిన్. ఊపిరితిత్తులలో ప్రాణవాయువును ఎత్తుకొని ఒళ్ళంతా పంచేది అదే. పెద్దవారి హీమోగ్లోబిన్‌లో నాలుగు గొలుసులు ఉంటాయి. రెండు ఆల్ఫా, రెండు బీటా. బీటా గొలుసులో 146 పూసలు ఉంటాయనుకోండి. వాటిని అమైనో ఆమ్లాలు అంటారు. సికిల్ సెల్ జబ్బులో వాటిలో ఆరవ పూస ఒక్కటే మారిపోతుంది. గ్లుటామిక్ ఆమ్లం ఉండవలసిన చోట వాలీన్ వస్తుంది. మిగిలిన 145 సరిగానే ఉంటాయి.

ఆ ఒక్క మార్పు వలన, ప్రాణవాయువును వదిలిన తరువాత ఈ హీమోగ్లోబిన్ ఒకదానికొకటి అతుక్కొని పొడవైన కడ్డీలుగా పేరుకుంటుంది. గుండ్రంగా, మెత్తగా ఉండవలసిన ఎర్ర కణం కొడవలిలాగా వంగి బిరుసెక్కుతుంది. సన్నని రక్తనాళాలలో ఇరుక్కుంటుంది. ఇరుక్కున్న చోట భరించలేని నొప్పి. మామూలు ఎర్ర కణం సుమారు 120 రోజులు బ్రతుకుతుంది. కొడవలి కణం 10 నుండి 20 రోజులలోనే పగిలిపోతుంది. అందుకే రక్తం తక్కువగా ఉండడం, కళ్ళు పచ్చబడడం.

ఈ జబ్బును 1910లో అమెరికాలోని చికాగోలో డాక్టర్ జేమ్స్ హెరిక్ మొదట వైద్య పత్రికలో వర్ణించాడు. 1949లో లైనస్ పౌలింగ్ బృందం తప్పు హీమోగ్లోబిన్‌లోనే ఉందని చూపింది. ఆ తరువాత ఇంగ్లండులో వెర్నన్ ఇంగ్రామ్ ఆ తప్పు ఒకే ఒక్క అమైనో ఆమ్లంలో ఉందని తేల్చాడు. మన దేశంలో 1952లో నీలగిరి కొండల గిరిజనులలో ఈ కణాలను గుర్తించారు.

పాటల పుస్తకం, పాట నెంబరు

జన్యువులు అంటే ఏమిటో ఒక పోలికతో చెబుతాము. ఆదివారం ఆరాధనకు వచ్చే ప్రతివారి చేతిలో పాటల పుస్తకం ఉంటుంది. అందులో వందల పాటలు ఉన్నా అన్నీ ఒకేసారి పాడము. పాటలు నడిపించేవారు నెంబరు చెబుతారు, ఆ పాటే పాడతాము. క్రిస్మస్ పాటలు క్రిస్మస్‌కు, సమాధి దగ్గర పాటలు అక్కడ.

మన శరీరంలో ఇంచుమించు ప్రతి కణంలోనూ ఒకే పుస్తకం ఉంది. దానిని డి.ఎన్.ఏ. అంటారు. ప్రోటీనులను తయారుచేసే పాటలు, అంటే జన్యువులు, అందులో సుమారు 20,000. కంటి కణంలోనూ అదే పుస్తకం, కాలేయ కణంలోనూ అదే పుస్తకం. కాని కన్ను కన్నుగా, కాలేయం కాలేయంగా ఉండడానికి కారణం ఒక్కొక్కచోట వేర్వేరు పాటలు పాడబడడమే.

నెంబరు చెప్పేదెవరు? కొన్ని ప్రత్యేకమైన ప్రోటీనులు. వీటిని ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్లు అంటారు. మనిషిలో ఇటువంటివి సుమారు 1,600 రకాలు ఉన్నాయి. ఇవి డి.ఎన్.ఏ. మీద తమకు తెలిసిన అక్షరాల వరుసను వెతికి పట్టుకొని అక్కడ కూర్చుంటాయి. కొన్ని ఫలానా పాట ఎత్తుకోండి అంటాయి. మరికొన్ని ఆ పేజీ మీద చెయ్యి అడ్డం పెట్టి ఈ పాట వద్దు అంటాయి. మనం చెప్పుకుంటున్న బి.సి.ఎల్.11ఎ ఈ రెండవ రకానికి చెందినది. రక్త కాన్సరు పరిశోధనలో బయటపడింది గనుక దానికి ఆ పేరు వచ్చింది. కాని దాని పని కాన్సరుకు సంబంధించినది మాత్రమే కాదు.

తల్లి గర్భంలో వేరే హీమోగ్లోబిన్

గర్భంలో ఉన్న శిశువు స్వయంగా గాలి పీల్చదు. తల్లి రక్తం నుండి మాయ ద్వారా ప్రాణవాయువు తీసుకోవాలి. అంటే శిశువు హీమోగ్లోబిన్‌కు తల్లి హీమోగ్లోబిన్ కంటే ప్రాణవాయువు మీద పట్టు ఎక్కువగా ఉండాలి. అందుకని శిశువుకు ప్రత్యేకమైన హీమోగ్లోబిన్ ఉంది. దానిని హీమోగ్లోబిన్ ఎఫ్ అంటారు. ఇందులో రెండు ఆల్ఫా, రెండు గామా గొలుసులు ఉంటాయి. బీటా గొలుసు ఉండదు. సృష్టికర్త చేసిన ఈ ఏర్పాటును తలచుకుంటే మాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

పుట్టిన రోజున బిడ్డ రక్తంలో ఈ ఎఫ్ రకం సుమారు 60 నుండి 80 శాతం ఉంటుంది. తరువాత నెలనెలా తగ్గుతూ, సంవత్సరం దాటేసరికి చాలామందిలో 1, 2 శాతానికి వస్తుంది. దాని స్థానంలో బీటా గొలుసు ఉన్న పెద్దవారి హీమోగ్లోబిన్ చేరుతుంది.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు జవాబు చూడండి. సికిల్ సెల్ జబ్బులో అచ్చుతప్పు బీటా పేజీలో ఉంది. గామా పేజీలో ఏ తప్పూ లేదు. గామా పాట నడిచినంతకాలం బిడ్డకు బాధ లేదు. గామా ఆగి బీటా మొదలైన తరువాతనే కొడవలి కణాలు పెరుగుతాయి. బిడ్డకు మధ్యలో ఏ కీడూ తగలలేదు. జబ్బు గర్భంలోనే ఉంది. ఎఫ్ హీమోగ్లోబిన్ కొన్ని నెలలపాటు దానిని కాచింది.

ఈ సంగతిని మొదట గమనించినది న్యూయార్కులోని బ్రూక్లిన్‌లో పనిచేసిన పిల్లల డాక్టరు జానెట్ వాట్సన్. సికిల్ సెల్ తల్లిదండ్రుల పసిబిడ్డల రక్తంలో కణాలు తక్కువగా వంగుతున్నాయని, శిశు హీమోగ్లోబిన్ వారిని కాపాడుతున్నదని ఆమె 1948లోనే వ్రాసింది.

ప్రపంచంలో కొద్దిమందికి పుట్టుకతోనే ఈ ఎఫ్ హీమోగ్లోబిన్ జీవితాంతం ఎక్కువగా ఉంటుంది. అటువంటివారికి ఒక ప్రక్కనుండి సికిల్ జన్యువు వచ్చినా పెద్దగా బాధ ఉండదు. ఇది చూసి పరిశోధకులు ఆలోచించారు. గామా పేజీని మూస్తున్న చెయ్యి ఎవరిది? ఆ చేతిని తప్పించగలమా?

ఆ చెయ్యి దొరికిన విధం

జవాబు దొరకడానికి చాలా ఏళ్ళు పట్టింది. 2007, 2008 సంవత్సరాలలో ఎఫ్ ఎక్కువగా ఉన్నవారి డి.ఎన్.ఏ.ను, తక్కువగా ఉన్నవారి డి.ఎన్.ఏ.ను మొదటి నుండి చివరి దాకా పోల్చి చూశారు. ఇటలీకి చెందిన సార్డీనియా ద్వీపంలోని ప్రజలను కూడా పరీక్షించారు. ఎక్కడ చూసినా తేడా వస్తున్న స్థలాలలో ఒకటి 2వ క్రోమోజోములోని బి.సి.ఎల్.11ఎ జన్యువు. హీమోగ్లోబిన్ బీటా, గామా జన్యువులేమో 11వ క్రోమోజోములో ఉన్నాయి. అంటే ఒక చోట తయారైన ప్రోటీను మరొక చోటికి వెళ్ళి పని చేస్తున్నదన్నమాట.

2008లో అమెరికాలోని బోస్టన్‌లో స్టువర్ట్ ఆర్కిన్ బృందం ఎర్ర కణాలుగా మారబోయే మానవ కణాలలో బి.సి.ఎల్.11ఎను తగ్గించి చూసింది. ఎఫ్ హీమోగ్లోబిన్ పెరిగింది. 2011లో సికిల్ సెల్ జబ్బు ఉన్న ఎలుకల ఎర్ర కణాలలో ఈ ప్రోటీను లేకుండా చేస్తే వాటి జబ్బు లక్షణాలు పోయాయి. మూసిన చెయ్యి ఇదేనని రుజువయింది.

పేజీ ఎలా మూస్తుంది?

ఈ ప్రోటీనుకు జింకు అణువు ఆధారంగా ముడిచిన చిన్న చిన్న వేళ్ళవంటి భాగాలు ఉన్నాయి. శాస్త్రజ్ఞులు వాటిని జింకు వేళ్ళు అనే పిలుస్తారు. ఆ వేళ్ళు డి.ఎన్.ఏ. మీద టి, జి, ఎ, సి, సి, ఎ అనే ఆరు అక్షరాల వరుసను గుర్తుపడతాయి. గామా జన్యువు మొదలయ్యే చోటికి సుమారు 115 అక్షరాల ముందు ఈ వరుస ఉంది. బి.సి.ఎల్.11ఎ అక్కడ పట్టుకొని కూర్చుంటుందని 2018లో స్పష్టంగా చూపారు. అది కూర్చున్నాక పాట ఎత్తించే మరొక ప్రోటీనుకు ప్రక్కన చోటు దొరకదు. అంతేకాక అది మరికొన్ని ప్రోటీనులను వెంటబెట్టుకొని వచ్చి ఆ భాగంలో డి.ఎన్.ఏ.ను బిగించి చుట్టిస్తుంది. పేజీ మూతబడుతుంది. అప్పుడు పాట ప్రక్క పేజీకి, అంటే బీటాకు మారుతుంది.

పైన చెప్పిన ఎఫ్ హీమోగ్లోబిన్ ఎక్కువగా ఉండేవారిలో కొందరికి సరిగ్గా ఈ ఆరు అక్షరాల దగ్గరే పుట్టుకతో మార్పు ఉంది. వ్రేళ్ళు పట్టుకోవడానికి చోటు లేక గామా పేజీ తెరిచే ఉండిపోయింది.

అయితే బి.సి.ఎల్.11ఎను ఒళ్ళంతా తీసివేస్తే సరిపోతుంది కదా అని మీరు అడగవచ్చు. అలా కుదరదు. మెదడు ఎదగడానికి, రోగనిరోధక కణాలలో కొన్నింటి తయారీకి ఇదే ప్రోటీను కావాలి. పుట్టుకతో దీని ఒక ప్రతి పాడైన కొద్దిమంది పిల్లలలో ఎఫ్ హీమోగ్లోబిన్ ఎక్కువగా ఉంది గాని, వారి బుద్ధి ఎదుగుదల దెబ్బతిన్నది. కాబట్టి ఎర్ర కణాలలో మాత్రమే దీనిని తగ్గించాలి. 2013లో ఆ మార్గం కనబడింది. బి.సి.ఎల్.11ఎ జన్యువు లోపలే, ఎర్ర కణాలకు మాత్రమే పనికివచ్చే ఒక చిన్న ఆజ్ఞ ఉంది. దానిని పాడుచేస్తే మెదడులో పాట యథాప్రకారం సాగుతుంది. ఎర్ర కణాలలో మాత్రం తగ్గిపోతుంది.

చికిత్సగా మారిన తెలివి

ఆ చిన్న ఆజ్ఞను కత్తిరించే చికిత్స వచ్చింది. దానికి వాడే క్రిస్పర్ అనే కత్తెర పద్ధతిని కనుగొన్నందుకు ఎమాన్యుయెల్ షార్పెంటియే, జెన్నిఫర్ డౌడ్నా అనే ఇద్దరు స్త్రీలకు 2020లో నోబెల్ బహుమతి వచ్చింది. రోగి మూలకణాలను బయటకు తీసి, వాటిలో బి.సి.ఎల్.11ఎ ఆజ్ఞను కత్తిరించి, తిరిగి ఆ రోగికే ఎక్కిస్తారు. అమెరికాలో ఈ చికిత్స పొందిన మొదటి సికిల్ సెల్ రోగి మిసిసిపీ రాష్ట్రానికి చెందిన విక్టోరియా గ్రే. ఆమెకు 2019 జులైలో చేశారు. క్యాస్‌జెవీ అనే పేరుతో ఈ చికిత్సకు 2023 నవంబరులో బ్రిటన్, డిసెంబరులో అమెరికా అనుమతి ఇచ్చాయి. అమెరికా అనుమతి సమయానికి తగినంత కాలం గమనించిన 31 మందిలో 29 మందికి కనీసం 12 నెలలపాటు తీవ్రమైన నొప్పి దాడి రాలేదు.

ఇది చదివి ఆశపడడం సహజమే. కాని రెండవ ప్రక్క కూడా చెప్పడం మా బాధ్యత. మార్చిన కణాలను ఎక్కించడానికి ముందు బలమైన కీమోథెరపీ మందు ఇచ్చి పాత మూలకణాలను తీసివేయాలి. దానివలన సంతానం కలగకపోయే ప్రమాదం ఉంది. వారాల తరబడి ఆసుపత్రిలో ఉండాలి. అమెరికాలో దీనికి పెట్టిన ధర 22 లక్షల డాలర్లు. ఆనాటి లెక్కన మన రూపాయలలో 18 కోట్లకు పైగా. ఇటువంటి చికిత్స ఇప్పిస్తామని ఎవరైనా మీ దగ్గర డబ్బు అడిగితే నమ్మవద్దు. పొలం అమ్మకముందు మీకు వైద్యం చేస్తున్న డాక్టరును అడగండి.

ఇకపోతే మనకు అందుబాటులో ఉన్న మందు ఒకటి ఉంది. అది హైడ్రాక్సీయూరియా. ఇది కూడా ఎఫ్ హీమోగ్లోబిన్‌ను పెంచే మందే. అమెరికాలో 299 మంది పెద్దవారి మీద చేసిన పరీక్షలో, ఈ మందు వాడినవారికి నొప్పి దాడులు దాదాపు సగానికి తగ్గాయని 1995లో ప్రకటించారు. ఇది ఇంటి దగ్గర నోటితో మింగే మందు. కోట్ల రూపాయల చికిత్స ఏ పేజీని తెరవాలని చూస్తున్నదో, ఈ మందు కూడా ఆ పేజీనే కొంతవరకు తెరుస్తుంది. కాని రోజూ వాడాలి. పని చేసినట్టు తెలియడానికి నెలలు పడుతుంది. నొప్పి వచ్చినప్పుడు మాత్రమే వేసుకొని, తగ్గగానే మానివేస్తే ప్రయోజనం లేదు. మధ్యమధ్య రక్తకణాల లెక్క పరీక్ష చేయించాలి. గర్భం కోరుకునే స్త్రీలు, తండ్రి కాదలచిన పురుషులు ముందుగా డాక్టరుతో చెప్పాలి.

మన ప్రాంతంలో ఈ జబ్బు

ఇది ఆఫ్రికా వారి జబ్బని, మనకు రాదని కొందరు అనుకుంటారు. అది నిజం కాదు. అరకు, పాడేరు, రంపచోడవరం మన్యంలోను, శ్రీకాకుళం, విజయనగరం కొండప్రాంతాలలోను, ఖమ్మం, ఆదిలాబాదు గిరిజన గూడేలలోను ఇది ఉంది. గిరిజనేతరులలో కూడా కనిపిస్తుంది. 2023 జులై 1న మధ్యప్రదేశ్‌లోని షాడోల్‌లో కేంద్ర ప్రభుత్వం జాతీయ సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమాన్ని ప్రారంభించింది. గిరిజన ప్రాంతాలలో 40 ఏళ్ళలోపు 7 కోట్లమందికి పరీక్ష చేయడం, 2047 నాటికి ఈ జబ్బును ప్రజారోగ్య సమస్యగా లేకుండా చేయడం దాని లక్ష్యాలు. మన రెండు తెలుగు రాష్ట్రాలూ అందులో ఉన్నాయి. మీ ఊరికి పరీక్ష బృందం వస్తే తప్పుకోకండి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో సికిల్ సెల్, తలసీమియా జబ్బులను కూడా చేర్చారు. ధ్రువపత్రం గురించి ప్రభుత్వ ఆసుపత్రిలో అడగండి.

ఎవరి పాపం?

పుట్టు గ్రుడ్డివాడిని చూసి, ఇది ఇతని పాపమా, ఇతని తల్లిదండ్రుల పాపమా అని శిష్యులు ప్రభువును అడిగిన సంగతి మనకు తెలుసు. ఆయన ఆ రెండూ ఒప్పుకోలేదు. మన ఇళ్ళలో ఇప్పటికీ అదే ప్రశ్న వినబడుతుంది, ఎక్కువగా తల్లి వైపు వ్రేలు చూపుతూ.

రక్తం చెప్పేది వినండి. ఈ జబ్బు రావాలంటే తల్లి నుండి ఒకటి, తండ్రి నుండి ఒకటి, రెండు మార్పు చెందిన జన్యువులు రావాలి. ఒక్కరి వలన ఈ జబ్బు రాదు. ఒక్కటే ఉన్నవారిని వాహకులు అంటాము. వారు ఆరోగ్యంగానే ఉంటారు. పొలం పని చేస్తారు, పాట పాడతారు, తమలో ఇది ఉందని వారికే తెలియదు. తాత ముత్తాతల నుండి తెలియకుండా వచ్చినదానికి ఎవరిని నిందిస్తాము?

ఇద్దరు వాహకులు పెళ్ళి చేసుకుంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం 25 శాతం, వాహకుడయ్యే అవకాశం 50 శాతం, ఏమీ లేకుండా ఉండే అవకాశం 25 శాతం. మొదటి బిడ్డకు వచ్చింది గనుక రెండవ బిడ్డకు రాదనుకోవడం పొరపాటు. ప్రతిసారీ లెక్క మొదటికి వస్తుంది. ఒకరు సికిల్ వాహకులు, మరొకరు బీటా తలసీమియా వాహకులు అయినా బిడ్డకు కొడవలి జబ్బు రావచ్చు. కుటుంబంలో ఈ జన్యువు ఉన్నప్పుడు మేనరికాలు ఆ అవకాశాన్ని ఇంకా పెంచుతాయి.

అందుకే సంబంధం ఖాయం చేసుకోకముందే ఇద్దరికీ రక్తపరీక్ష చేయించండి. నిశ్చితార్థం అయిన తరువాత తెలిస్తే రెండు కుటుంబాలకూ దుఃఖం. ఫలితాన్ని గుట్టుగా ఉంచడం మా పని. సంఘ కాపరులు, యౌవనస్తుల నాయకులు ఈ మాట ధైర్యంగా చెప్పాలని కోరుతున్నాము. వాహకులైనంత మాత్రాన పెళ్ళికి పనికిరారని కాదు. మరొక వాహకులను చేసుకుంటే ఏమవుతుందో ముందే తెలుసుకొని నిర్ణయించుకోవాలని మాత్రమే.

పసిబిడ్డల పరీక్షలో ఒక జాగ్రత్త. ఎఫ్ హీమోగ్లోబిన్ ఎక్కువగా ఉండడం వలన ఆరు నెలల లోపు పిల్లలలో మామూలు సాల్యుబిలిటీ పరీక్షను నమ్మలేము. ఆ పరీక్షలో లేదని వచ్చినా అది ఖాయం కాదు. ఎలెక్ట్రోఫోరెసిస్ లేక హెచ్.పి.ఎల్.సి. పరీక్ష చేయించాలి.

ఇంట్లో పాటించవలసినవి

1. నీళ్ళు ఎక్కువగా త్రాగించండి. ఎండాకాలంలో బడికి సీసాతో నీళ్ళు పంపండి.
2. చలిలో, వానలో తడవనివ్వకండి. చన్నీళ్ళ స్నానం వద్దు.
3. ఐదేళ్ళ లోపు పిల్లలకు డాక్టరు వ్రాసిన పెన్సిలిన్ మానకండి. టీకాలన్నీ, ముఖ్యంగా న్యుమోకాకల్ టీకా, వేయించండి.
4. ఫోలిక్ ఆసిడ్, హైడ్రాక్సీయూరియా మాత్రలు అయిపోకముందే తెచ్చుకోండి.
5. డాక్టరు చెప్పకుండా ఐరన్ మాత్రలు, టానిక్కులు వాడకండి.
6. పొట్ట ఎడమవైపు ప్లీహం పెరుగుతున్నదేమో చేత్తో చూడడం నర్సమ్మ దగ్గర నేర్చుకోండి.

జ్వరం, రొమ్ము నొప్పి, ఆయాసం, ఒక్కసారిగా పాలిపోవడం, పొట్ట ఉబ్బడం, మాట తడబడడం, ఒక చెయ్యి గాని కాలు గాని పడిపోవడం, ఇంట్లో మందుకు తగ్గని నొప్పి. వీటిలో ఏది కనబడినా తెల్లవారేదాకా ఆగవద్దు. రాత్రయినా వెంటనే ఆసుపత్రికి తీసుకొని రండి.

ప్రార్థన చేయించుకున్న తరువాత మందు మానివేసి, వారం తిరగకుండా మంచం మీద మోసుకొని వచ్చిన పిల్లలను మేము చూస్తుంటాము. ప్రార్థన మానమని మేమెప్పుడూ అనము. మేము కూడా ప్రతి ఉదయం రోగుల కొరకు ప్రార్థించిన తరువాతనే వార్డులోకి వెళ్తాము. మాత్ర మింగడం అవిశ్వాసం కాదు. ప్రార్థన చేయండి, మాత్ర కూడా వేయండి.

మీ కుటుంబంలో ఎవరికైనా పరీక్ష చేయించదలిస్తే ఓ.పి. రోజులలో ఉదయం లాబొరేటరీలో అడగండి. ఏమీ తినకుండా రానవసరం లేదు. భార్యాభర్తలిద్దరూ కలిసి వస్తే మంచిది.